ఉండా సామీ, యాడికీ పోలే!

పోయిన నెల మా ఆఫీసుకు కోర్టు పాత బంట్రోతు వచ్చాడు. రిటైరై చాలా ఏళ్ళయింది. పింఛను కాగితాల మీద ఏదో సంతకం కావాలన్నాడు. పెట్టి ఇచ్చాను. పని అయిపోయినా లేవలేదు. టీ తెప్పిస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మా, మన 'ఉండా సామీ' పోయిందంట. మొన్న బస్సులో వాళ్ళ ఊరాయన చెప్పినాడు," అన్నాడు.

ఇన్నేళ్ళు కోర్టు వరండాలో నిలబడి పేర్లు పిలిచిన మనిషి. అన్ని పేర్లలో ఒక్కటీ గుర్తు లేదంటాడు. ఆమె పేరు కూడా గుర్తు లేదు. ఆమె పలికిన తీరు మాత్రం గుర్తుంది. నాకు పేరు కూడా గుర్తుంది. కానీ ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివర్లో మీకే తెలుస్తుంది.

కోర్టులో కేసు వంతు వచ్చినప్పుడు బంట్రోతు బయటికొచ్చి మూడుసార్లు పేరు పిలుస్తాడు. మూడోసారికీ పలక్కపోతే మనిషి రానట్టే లెక్క. అందుకని జనం మొదటి పిలుపుకే చెప్పులు వదిలేసి పరుగెత్తుకొస్తారు. ఆమె పరుగెత్తేది కాదు. కోర్టు ఆవరణలో కానగచెట్టు కింద గొంతుకూర్చున్నది కూర్చున్నట్టే తలెత్తి, "ఉండా సామీ, యాడికీ పోలే!" అని గట్టిగా అరిచేది. ఆ తర్వాత నింపాదిగా లేచి, కొంగు దులుపుకుని వచ్చేది. గుమస్తాలు నవ్వేవాళ్ళు. ఒకసారి లోపల జడ్జిగారు కూడా ఫైల్లోంచి తలెత్తి చూశారు. నేనూ నవ్వాను. కేసులో ఆమె వేసిన కౌంటరు, అంటే జవాబు, మొత్తం ఆ ఒక్క మాటేనని తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది.

తొంభైల చివరి సంగతి. నేను నల్లకోటు వేసుకుని మూడేళ్ళు. కదిరి కోర్టులో నాతో కలిపి ఇద్దరమే ఆడ లాయర్లం. ఆ రెండో ఆమె వారానికొక రోజు వచ్చేది. ఒక ఉదయం ఈమె లాయర్లు కూర్చునే గది గుమ్మంలో నిలబడి, వరసగా అందరి మొహాలూ చూసి, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి ఒక కాగితం పెట్టింది. కోర్టు నోటీసు.

"నువ్వు ఆడదానివి గదా లాయరమ్మా. నీకైతే సగం చెప్పకుండానే అర్థమైతాది. ఇందులో ఏమి రాసినారో చదువు."

మొగుడు విడాకులకు వేసిన దావా అది. నా భార్య నన్ను విడిచి వెళ్ళిపోయింది, రెండేళ్ళకు పైగా కాపురానికి రాలేదు, నన్నూ మా అమ్మనూ హింస పెట్టింది, కాబట్టి విడాకులు ఇప్పించండి అని ఉంది. తెలుగులో చెప్పాను.

"నేను విడిచి పోయినానా? ఆ ఇంట్లోంచే గదా ఇప్పుడొస్తాండా! ఇదిగో తాళంచెవి." నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి నా బల్ల మీద కొట్టింది. "వాళ్ళమ్మకు పక్షవాతం వస్తే రెండేండ్లు ఎత్తి పోసింది ఎవురు? ఆ యమ్మ సచ్చిపోతే వాడు మూడో దినానికి వచ్చినాడు. వచ్చినోడు మల్ల బస్సుకే ఎల్లిపాయ. విడిచిపోయింది నేనా?"

ఆయనకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. వచ్చాక కొత్తచెరువులో కాపురం పెట్టాడు. ఒక్కడే కాదు. పెళ్ళాం ఉండగా ఇంకో ఆమెతో ఉంటున్నాడని ఎవరైనా అర్జీ పడేస్తే ఉద్యోగానికి ఎసరు. అందుకని విడాకులు కావాలి. విడాకులు కావాలంటే ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి. తన తప్పు చూపించి తనే అడిగే వీలు చట్టంలో లేదు. కాబట్టి తప్పు ఆమెది అయింది. ఆమె నాయన చావుబతుకుల్లో ఉన్నప్పుడు పుట్టింట్లో ఓ నలభై రోజులు ఉండి వచ్చిందట. ఆ నలభై రోజుల్నే పట్టుకుని సాగదీసి రెండేళ్ళు చేశాడు.

ఆమెకు మొగుడు కావాలేమో అనుకున్నాను మొదట. అదే అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"వాడు నాకెందుకు? పోతే పోనీ. తప్పు ఎవురిదో చెప్పి పొమ్మను."

వాళ్ళ వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. అది ఆమె చెబితేనే నాకు తెలిసింది. మొగుడూ పెళ్ళాం విడిపోవాలనుకుంటే రచ్చకట్ట దగ్గర పెద్దమనుషులు కూర్చుంటారు. తప్పు ఎవరిదో తేలుస్తారు. తప్పు చేసినవాడు భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, జనంలో నిలబడి, "తప్పు నాదే" అని మూడుసార్లు చెప్పాలి. ఆడదైతే కొంగు నడుముకు చుట్టుకుని చెప్పాలి. చెప్పి, ఎదుటి మనిషి చేతిలో ఆకూ వక్కా పెట్టాలి. పుచ్చుకుంటే అయిపోయినట్టు. ఆ తర్వాత ఎవరి దోవ వాళ్ళది. ఆ సంగతి ఊళ్ళో ఇంకెవరూ ఎత్తకూడదు. కండక్టరుగారు మాత్రం, నేను ఉద్యోగస్థుణ్ణి, రచ్చకట్టకు రాను, కోర్టులోనే తేల్చుకుంటానన్నాడు. కోర్టుకు పోయినాక మేం చెప్పేదేముందని పెద్దమనుషులు తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు.

"రచ్చకట్ట కంటే కోర్టు పెద్దది గదా. ఈడైతే ఇంగా బాగా చెప్పిస్తారు," అంది ఆమె. మొహంలో ఎంత నమ్మకమో! చట్టం చదివిన నాకే కోర్టు మీద అంత నమ్మకం లేదు.

వాయిదాలు మొదలయ్యాయి. తెల్లవారుజామున మూడు మైళ్ళు నడిచి, మొదటి బస్సు పట్టుకుని, కోర్టు తలుపులు తీయకముందే వచ్చి కానగచెట్టు కింద కూర్చునేది. కొంగున మూట కట్టి వేయించిన శెనక్కాయలు తెచ్చేది. నేను కనపడగానే దగ్గరికొచ్చి, మొదట నా మెడ దగ్గరి తెల్ల పట్టీ సరిచేసేది. "ఈ గుడ్డ ఎప్పుడూ వంకరపోతాది మే నీకు. జడ్జి ఏమనుకుంటాడు?" అనేది. ఆ తర్వాత నా కోటు జేబులో ఇన్ని శెనక్కాయలు పోసేది. ఆ కోటు నిండా ఎప్పుడూ పొట్టే. ఒక ఏడాది మాత్రం ఖాళీ చేతులతో వచ్చింది. "ఈ తూరి వాన రాలే. శెనగచెట్లకు ఊడలే దిగలే, ఇంగ కాయ యాడిది?" అని తనే ఏదో నేరం చేసినట్టు చెప్పింది.

మొగుడు వచ్చిన రోజు ఆయన కూర్చున్న బెంచీకి ఎదురుగా నేల మీద కూర్చుని రెప్ప వేయకుండా చూసేది. ఆయన తల తిప్పుకునేవాడు, లేచి టీకి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి ఆమె చూపు ఆ బెంచీ మీదే ఉండేది. "తిట్టొచ్చు కదక్కా ఒకసారి," అన్నాను నవ్వుతూ. "తిట్టితే వాని తప్పు సగం తగ్గిపోతాది," అంది.

నా కౌంటరు బాగానే రాశాను. విడిచిపోయింది ఆయనే, వేరే ఆమెతో ఉంటున్నదీ ఆయనే, కాబట్టి ఆయన దావా కొట్టేసి, ఆయన తప్పు మీద ఆమెకే విడాకులు ఇవ్వండి అని ఎదురు అడిగాను. సాక్షులు దొరికారు. పక్కింటి ముసలాయన వస్తానన్నాడు. నిజంగా గెలిచే కేసే. ఈ మాట ఎవరితోనూ అనకుండా ఇన్నేళ్ళు నాలోనే దాచుకున్నాను.

మూడో ఏట, సాక్ష్యం మొదలయ్యే ముందు రోజు, నేను జూనియరుగా పనిచేసే మా సీనియరు లాయరు పిలిచాడు. అవతలి లాయరు ఆయన స్నేహితుడు. ఇద్దరూ టీ తాగుతున్నారు. అప్పటికే అన్నీ మాట్లాడేసుకున్నారు.

"ఇద్దరూ ఒప్పుకుని తెచ్చుకునే విడాకులకు మార్చేద్దాం. తప్పూ గిప్పూ ఏం వద్దు. ఇల్లు, రెండెకరాల మెట్ట ఆమె పేరున రాసిస్తాడు. ఆర్నెల్లలో అయిపోతుంది," అన్నాడు సీనియరు.

"ఆమెకు కావాల్సింది అది కాదు సార్."

"తప్పెవరిదని తవ్వుకుంటూ పోతే ఇద్దరూ ముసలోళ్ళయిపోతారమ్మా. రేపు బోనులో నిలబెట్టి, నువ్వు నలభై రోజులు ఎవరితో ఉన్నావని అడిగితే తట్టుకుంటుందా? ఆమె మంచికే చెబుతున్నా. నువ్వు చెబితే వింటుంది."

ఆ చట్టం చెడ్డదని ఇప్పటికీ అనను. ఎవరి తప్పూ వెతక్కుండా ఇద్దరు మనుషుల్ని మర్యాదగా పంపించే దారి అది. ఆ దారిన ఎంతమందినో నేనే పంపించాను. వాళ్ళు బాగున్నారు. కానీ పేరులోనే ఉంది కదా, ఇద్దరూ ఒప్పుకోవాలని.

చెట్టు కిందికి వెళ్ళి చెప్పాను. ఆమె మొత్తం విని, "ఇల్లు వాడిచ్చేదేంది? ఇంట్లో నేనే ఉండా గదా," అంది. తర్వాత, "వాడు తప్పు ఒప్పుకుంటాడా?" అని అడిగింది.

అక్కడ లేదని చెప్పాలి. చెబితే ఆమె సంతకం పెట్టదు. సీనియరుకు ఏం చెప్పాలి? అయిదారేళ్ళుగా ఆయన ఆఫీసులోనే కూర్చుని అన్నం తింటున్నాను. వీటిలో ఏదీ సాకు కాదు. నేనన్న మాట ఇది: "ఒప్పుకుంటాడక్కా. కాగితంలో రాస్తాం."

కాగితం ఇంగ్లీషులో టైపు చేయించారు. మా ఇద్దరికీ పొసగక విడివిడిగా ఉంటున్నాం, ఇక కలిసి ఉండలేం, ఇష్టపడే విడిపోతున్నాం, ఒకరి మీద ఒకరు చేసుకున్న ఆరోపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. అంతే. నాలుగు పేరాలు. ఆమె నా పక్కన కూర్చుని, "చదువు," అంది.

నేను ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, అందులో లేని తెలుగు చదివాను. "నా భార్య నన్ను విడిచి పోలేదు. నేనే ఆమెను విడిచి పోయినాను. తప్పు నాదే."

ఆమె కళ్ళు మూసుకుని వింది. మొహం ఎంత తేటపడిందో చెప్పలేను. "ఇంగోతూరి చదువు," అంది. మళ్ళీ చదివాను. లేనిది చదివితే రెండోసారి అలాగే ఎక్కడొస్తుంది?

"ముందు ఇంగోరకంగా చదివినావే?"

"రెండిటికీ అర్థం ఒకటే అక్కా."

"సరేలే. నీకు తెల్దా." వయోజన విద్యలో నేర్చుకున్న సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం గీసి గీసి. దాని కింద ఒక వాక్యం ఉంటుంది, చదివి తెలుగులో వివరించగా విని ఒప్పుకున్నారు అని. అక్కడ నేను సంతకం పెట్టాను.

కాగితం వేశాక ఆర్నెల్లు ఆగాలి. ఆలోపు ఎవరైనా మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవచ్చు. ఆ సంగతి కూడా చెప్పలేదు. ఆ ఆర్నెల్లూ ఆమె చాలా సంతోషంగా ఉంది. వాడు కోర్టు కాగితంలో తప్పొప్పుకున్నాడని ఊరంతా చెప్పుకుంది. ఒకరోజు నాకోసం పెద్ద గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని వచ్చింది. నేను దాన్ని వండించలేకపోయాను, పారేయలేకపోయాను. చాలాకాలం అటక మీదే ఉంది.

ఆర్నెల్ల తర్వాత బంట్రోతు పిలిచాడు. "ఉండా సామీ, యాడికీ పోలే!" ఎప్పటికంటే గట్టిగా. జడ్జిగారు, "ఇష్టపడే వచ్చినావా? ఎవరైనా బలవంతపెట్టినారా?" అని అడిగారు. "వాడు ఒప్పుకునె గదా సార్. ఇంగ నాకేంది?" అంది. విడాకులకు ఒప్పుకున్నాడని అంటోందనుకుని ఆయన రాసుకున్నారు. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

తర్వాత కొద్ది నెలలకు వాళ్ళ ఊళ్ళో ఒక పెళ్ళి. కండక్టరు బంధువెవరో నలుగురిలో, "యాడ ఒప్పుకున్నాడు? ఇల్లిడిచి పోయిన దానికి ఇంత నోరా?" అన్నాడట. ఆమె ఇంటికి పరుగెత్తి ట్రంకుపెట్టెలోంచి కోర్టు కాగితం తెచ్చి, రచ్చకట్ట మీద పరిచి, బడిపంతుల్ని పిలిపించి చదవమంది. ఆ పంతులు నాలాంటివాడు కాదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు.

మర్నాడు వచ్చింది. ఆ వేళకు ఆఫీసులో సీనియరు లేడు, గుమస్తా లేడు. నేనొక్కదాన్నే ఉన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాగితం బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"చదువు. ఉండేది ఉన్నట్టు."

చదివాను. ఆరోపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం అన్న దగ్గర ఆగిపోయాను. "చదువు," అని మళ్ళీ అంది. చివరిదాకా చదివించింది. కింద నా సంతకం మీద వేలు పెట్టి, "ఇదేంది?" అని అడిగింది. అదీ చెప్పాను.

కాగితం మీంచి వేలు తీసేసింది. తర్వాత అంది: "వాడు మొగోడు. పోయినాడు. దానికి నేను ఒగ దినమన్నా ఏడ్చలే. నువ్వు నా తట్టు ఉండావనుకుంటి మే."

"అక్కా, ఈ తీర్పు కొట్టేయించొచ్చు. మోసం జరిగిందని అర్జీ పెట్టొచ్చు..."

"మోసం ఎవురు చేసినారని రాస్తావు?"

అక్కడ నా పేరు రాయాలి. రాస్తే కోటు పోతుంది. ఆమె నా మొహం చూసి అంతా చదివేసుకుంది. మొగుణ్ణి చూసినట్టే చూసింది, రెప్ప వేయకుండా. నేను ఆయన లాగే తల తిప్పుకున్నాను.

లేచింది. నా మెడ దగ్గరి పట్టీ ఆ రోజు కూడా వంకరగానే ఉంది. దాన్ని చూసింది. చెయ్యి రాలేదు.

"నీ పేరు నేను యాడా చెప్పను లాయరమ్మా. ఇంగొకరు చెబితే అది చాడీ అయితాది. నువ్వే చెప్పుకోవాల," అని వెళ్ళిపోయింది.

తర్వాత ఒకే ఒక్కసారి చూశాను, కదిరి బస్టాండులో, శెనక్కాయల గంపతో. నేను బస్సులో ఉన్నాను. ఆమె నన్ను చూసి ఎదురు చూస్తున్నట్టు నిలబడింది. దిగొచ్చు. బస్సు కదిలే దాకా టిక్కెట్టు చూసుకుంటూ కూర్చున్నాను.

బంట్రోతు చెప్పాక, ఆమె దినం కర్మ జరిగే రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను, ప్రమాణంగా. రచ్చకట్ట ఉంది, పెద్దమనుషులున్నారు. ఆమె వదినె నన్ను గుర్తుపట్టి, చాప వేసి, కాఫీ ఇచ్చింది.

"మీ మాట శానా చెబుతాండె," అంది. "ఊరోళ్ళు ఎంత ఎకసెక్కాలాడినా, 'నాకే ఇంగ్లీషు రాక సంతకం పెట్టినా, తప్పు నాదేలే' అనేది. లాయరమ్మను మాత్రం ఒగ మాట అననీలే. యాన్నుంచి బస్సు చప్పుడైనా తలకాయెత్తి చూస్తాండె. ఎవురికోసరమో తెల్దు."

నేను కాఫీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. బాగుంది అన్నాను. లేచి బస్సెక్కాను.

ఆమె పేరు రాయకపోవడానికి కారణం ఇదే. తను చేయని తప్పును ఆ పేరు ఇన్నాళ్ళు మోసింది, ఇక చాలు. ఇది అచ్చయినప్పుడు దీని కింద నా పేరు ఉంటుంది. అది చాలామంది చదవాలి. నలుగురిలో నిలబడి చెప్పాలి కదా, నాకు దొరికిన రచ్చకట్ట ఇదే.

తప్పు నాదే. తప్పు నాదే. తప్పు నాదే అక్కా.

మూడుసార్లూ అయిపోయాయి. చెట్టు కింద ఎవరూ పలకలేదు.